నీటికాసుల అధ్యాయం

"...అంచులోనే రాశానమ్మా, ఇంతింత అక్షరాలతో! గుడ్డివాడికైనా కనబడేట్టు రాశాను."

"రాస్తే నేను దిద్దకుండా ఎందుకు వదిలేస్తాను డాక్టరుగారూ? అది వేరే కాపీలో రాసుంటారు."

"వేరే కాపీ ఏమిటి, నా మొహం! ఉన్నదొక్కటేగా!"

"ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు ఆపరేటరు కంప్యూటరు వెనక నుంచి. "మీ అరుపులకి ఇక్కడ పేజీలు కదిలిపోతున్నాయి."

అతను లేచి బీరువాలోంచి డాక్టరు రాసిన పుస్తకం ఏడో ఫారం ప్రూఫులు తీసి, కావలసిన కాగితం వెతికి బల్ల మీద పెట్టాడు. కుడివైపు అంచున నీలం సిరాతో నాలుగు లైన్లున్నాయి. చుట్టూ గడి కూడా కట్టి ఉంది. "ఈ వాక్యం తీసెయ్యాలి. ఇది ఊహ. రుజువు లేదు."

ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. తల కొంచెం కుడికి తిప్పి మళ్ళీ చూసింది.

"పొరపాటే," అంది.

ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. డాక్టరు గొంతు అప్పటికప్పుడు దిగిపోయింది. "సర్లెండి, ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు. "కానీ చూడండి, రుజువు లేని మాట ఒకసారి అచ్చయితే పదేళ్ళ తర్వాత దాన్నే రుజువుగా చూపిస్తారు. అందుకని నా గోల."

ఆ ప్రెస్సులో ఆమెని స్కేలమ్మ అంటారు. ఎదురుగా అక్కా అంటారు గానీ, ఆమె మెట్లు దిగగానే స్కేలమ్మే. చదివే లైను కింద అడుగు పొడుగు చెక్క స్కేలు పెట్టి, లైను లైనుకీ దాన్ని కిందికి జరుపుతూ చదువుతుంది. చేరిన కొత్తలో పాత ప్రూఫ్ రీడరు పక్కన కూర్చుని మూలప్రతి పైకి చదివి వినిపించే పని ఆమెది. అక్షరాలతో పాటు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాలి. ఇంట్లో చెల్లెలితో పోట్లాడేటప్పుడు కూడా మాటకీ మాటకీ మధ్య ఆగడం చూసి, "కామా పెట్టావా అక్కా, ఇంకా ఉందా తిట్టడం?" అని చెల్లెలు ఏడిపించేది.

ఆ పని ఆమెకి తండ్రి వల్ల వచ్చింది. అదే ప్రెస్సులో ఆయన సీసం అక్షరాలు కూర్చేవాడు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో ఆయన వేళ్ళకి తెలుసు, అందుకని చూపు తగ్గుతున్న సంగతి రెండేళ్ళపాటు ఎవరికీ తెలియలేదు. ఒకరోజు నడవలో పెట్టిన కాగితం రీముల మీద పడి ముక్కు పగలగొట్టుకున్నాడు. కంట్లో పొర వచ్చిందన్నారు. శుక్లం పచ్చిగా ఉండగా తియ్యకూడదు, ముదరనివ్వాలి అన్నారు. ఇంట్లో అందరూ దాన్ని ముదరనిచ్చారు. నాలుగేళ్ళు. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే, తియ్యడానికేం లేదు పొమ్మన్నారు. "మరీ ముదిరిపోయిందిట, ఆలస్యం చేశాం," అని అమ్మ చచ్చిపోయేదాకా అనుకుంటూనే ఉంది. తండ్రి మంచం పట్టాక, కూతురు పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన పనిచేసిన గదిలోనే ప్రూఫుల బల్ల దగ్గర కూర్చుంది.

ఇప్పుడు ఆమెకి యాభై రెండు. ఆమె చదివి, ఆఖరి ప్రూఫు మీద "అచ్చుకు" అని రాసి సంతకం పెడితే తప్ప ఆ ప్రెస్సులో మిషను తిరగదు. యజమానులు ఇద్దరు మారారు గానీ ఆ పద్ధతి మారలేదు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయాక చెల్లెలు వచ్చి ఆమె దగ్గరే ఉంటోంది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లూ పిల్లల గౌన్లూ కుడుతుంది.

మూడేళ్ళ క్రితం ఆమె కళ్ళజోడు మార్చుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ తెల్లటి గిన్నెలాంటి దాంట్లో ముఖం పెట్టించి, వెలుగుచుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చుక్కలు ఎప్పటికీ రావడం లేదు. మిషను పాడైందేమో చూడమ్మా అని నర్సుకి చెప్పింది కూడా. కాసేపటికి నర్సు ఒక కాగితం ఇచ్చింది. కంటి బొమ్మ, అందులో అంచుల నిండా నలుపు.

"గ్లాకోమా," అన్నాడు అక్కడి కంటి డాక్టరు. "పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి. ఈ చుక్కలమందు పొద్దునా సాయంత్రం వేసుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"లేదండీ. మా నాన్నకి శుక్లం. మరీ ముదిరిపోయింది, అంతే."

ఆయన లేదు అన్న చోట టిక్కు పెట్టాడు.

చుక్కలు ఒక్కపూట కూడా మానలేదు. సీసాని కళ్ళజోడు డబ్బాలో దాచుకుని, స్నానాలగదిలో తలుపేసుకుని వేసుకునేది. చెల్లెలికి చెప్పలేదు. ప్రెస్సులో చెప్పే మాటే లేదు. కళ్ళు సరిగా లేని ప్రూఫ్ రీడరుని ఎవరు పెట్టుకుంటారు? రెండేళ్ళు పరీక్షలకి వెళ్ళింది. ఎనిమిది నెలల కిందటి పరీక్షలో నలుపు ఇంకా లోపలికొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు. చుక్కలు మాత్రం కొనుక్కుంటోంది. వెళ్తే ఆ కాగితం మళ్ళీ చేతిలో పెడతారని భయం.

జబ్బులో మోసం ఏమిటంటే, నలుపు అనేది కాగితం మీదే ఉంది, కంటికి లేదు. కనబడని చోట చీకటిగా ఉంటే తెలిసేది. చీకటి లేదు. కాగితం నిండుగానే ఉంటుంది, దాని అంచు తెల్లగానే ఉంటుంది. అక్కడ రాసినది ఒక్కటే ఉండదు.

ఆ ఆదివారం ఆమె ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్న ఫారాల ప్రూఫులన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని ఒక్కో కాగితాన్నీ అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా తిప్పుతూ అంచుల్ని వేలితో తడుముకుంటూ చూసింది.

"ఏమిటే అక్కా, కాగితం మీద బండి నేర్చుకుంటున్నావా?" అంది చెల్లెలు మిషను ఆపకుండానే. "అట్లా తిప్పితే లైసెన్సు ఇవ్వరు."

"నీ కుట్టు నువ్వు చూసుకో."

"నా కుట్టు బాగానే ఉంది. ఆ బల్బు మార్చమని నెలరోజుల నుంచి మొత్తుకుంటున్నా. పిన్నులు పడిపోతే కనబడి చావడం లేదు."

ఎనిమిది ఫారాల్లో డాక్టరు అంచున రాసినవి నలభై ఒకటి. ఆమె దిద్దినవి ముప్పై ఆరు. మిగిలిన అయిదూ కుడి అంచునే ఉన్నాయి. ఏడో ఫారంలోది డాక్టరు పట్టుకున్నాడు. మిగతా నాలుగూ ఆయన చూడలేదు. ఆ నాలుగింటికీ పైన "అచ్చుకు" అని ఆమె రాసిన రాత ఉంది, గుండ్రంగా, ఒక్క వంకర లేకుండా. కాగితం రాలేదు గనక ఏ ఫారమూ ఇంకా మిషను ఎక్కలేదు.

మర్నాడు ఆపరేటరుకి ఆ నాలుగూ ఇచ్చి, "డాక్టరు ఫోను చేసి చెప్పారు, చేర్చు," అంది. అబద్ధం నోటికి అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చింది. ముందు కాగితాన్ని అడ్డంగా తిప్పి కుడి అంచు చదవడం. తర్వాత ఎడమది. ఆ తర్వాతే స్కేలు పెట్టి లోపలికి వెళ్ళడం. రోజుకి ఒక ఫారం, అంటే పదహారు పేజీలు చదివే మనిషి ఆరు దగ్గర ఆగిపోయింది. సాయంత్రానికి మెడ పట్టేసేది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని ప్రతి మెట్టునీ కాలితో వెతుక్కునేది. వీధిలో ఒకసారి పక్కనుంచి వచ్చిన సైకిలు ఆమె చీరకొంగు లాక్కుపోయింది. అది రావడం ఆమె చూడలేదు. సైకిలతను తిరిగి చూసి, "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావమ్మా?" అన్నాడు. ఆమె అక్కడే ఒక షట్టరు వేసిన షాపు ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఇంకా సగం దారి ఉంది.

పుస్తకం మొత్తం పదకొండు ఫారాలు. రిటైరైన ఆ డాక్టరు పాతికేళ్ళుగా రాసుకున్నది. ఒక్కో అధ్యాయంలో ఒక్కో జబ్బు పేరు. ఆ పేరు ఏ భాషలో పుట్టింది, ఏ భాషల్లోకి వెళ్ళింది, ఏ భాషవాళ్ళు దాన్ని ఏమనుకున్నారు అనేది. ఈ ఒక్క పుస్తకం దాటితే చాలు అనుకుంది ఆమె. తర్వాత ఏదో ఒక వంక చెప్పి మానెయ్యొచ్చు. మోకాళ్ళని చెప్పొచ్చు. మోకాళ్ళ నొప్పికి ఎవరూ అవమానపడరు.

తొమ్మిదో ఫారం తెరిస్తే పైన "గ్లాకోమా" అని ఉంది.

అంచులు రెండూ చూసింది. నీలం సిరా రెండుచోట్ల ఉంది. రెండూ దిద్దింది. స్కేలు పెట్టింది.

"గ్లాకోస్ అనే గ్రీకు మాట ఒక రంగు పేరు. ఏ రంగు అంటే సూటిగా చెప్పడం కష్టం. సముద్రానికి వాడారు, ఆలివ్ ఆకుకి వాడారు. నీలం కాదు, ఆకుపచ్చ కాదు, బూడిదరంగు కాదు, మూడూను. ముసలివాళ్ళ కన్ను ఆ రంగుకి తిరిగితే ఇక చూపు రాదని పాతకాలపు గ్రీకు వైద్యులు రాసిపెట్టారు. ఆ రంగు పేరే జబ్బు పేరైంది."

స్కేలు కిందికి జరిగింది.

"అరబ్బీలో దీన్ని నీలినీరు అన్నారు. శుక్లాన్ని తెల్లనీరు అన్నారు. జర్మన్లు ఆకుపచ్చ అన్నారు. జపాన్‌వాళ్ళ మాటలోనూ ఆకుపచ్చే ఉంది, కంటి లోపలి ఆకుపచ్చ అడ్డు అని. హిందీలో శుక్లం ముత్యమైతే, ఇది నల్లముత్యం. మన ప్రాచీన వైద్యంలో దీనికి దగ్గరగా కనిపించేది అధిమంథం. కన్ను కవ్వంతో చిలికినట్టుండే నొప్పి. అయితే ఈ జబ్బు చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే పని కానిచ్చేస్తుంది. తెలుగులో నీటికాసులు అంటున్నాం. ఆ కాసులు ఎందుకొచ్చాయో నాకు తెలియదు. ఊహలున్నాయి, వాటిని రాయను."

"కాసులంటే మంచిదేగా అక్కా," అన్నాడు ఆపరేటరు. ఆ పేజీ కూర్చినప్పటి నుంచీ అతను ఆ మాట దాచుకున్నట్టున్నాడు. "కంట్లోనే ఉంటే దొంగలు కూడా ఎత్తుకుపోలేరు."

ఆమె స్కేలు కిందికి జరిపింది.

"ఇన్ని రంగులు ఎందుకు? చాలా శతాబ్దాలపాటు వైద్యులు శుక్లాన్నీ దీన్నీ వేరుచేసి చూడలేకపోయారు. రెండూ కంట్లో దిగిన నీరే అనుకున్నారు. ఒకదానికి ఆగడం వైద్యం, రెండోదానికి ఆగడమే నాశనం. ఈ సంగతి తెలియక ఆగినవాళ్ళ లెక్క ఏ భాషలోనూ లేదు."

స్కేలు అక్కడ ఆగిపోయింది. ఆమె ఆ పేరాని మళ్ళీ చదివింది. తప్పులకోసం కాదు. ఆమె ఒక పేరాని తప్పులకోసం కాకుండా చదివి ఎన్నేళ్ళయిందో.

లేచి వరండాలోకి వెళ్ళి డాక్టరుకి ఫోను చేసింది.

"డాక్టరుగారూ, తొమ్మిదో ఫారంలో ఒక సందేహం. శుక్లం ముదిరాక తీస్తారు కదా. అట్లాగే ఇది కూడా..."

"ముదరనివ్వడం శుక్లానికమ్మా, అదీ పాతరోజుల్లో. నీటికాసులకి ముదరడమంటే పోవడమే. మొదట్లో పట్టుకుంటే మందులతో నిలబెట్టొచ్చు."

"ముదిరిపోయిందని ఎవరికైనా ఆపరేషను చెయ్యకుండా పంపించేస్తే?"

"శుక్లం ముదిరితే పంపించరు. ఎంత ముదిరినా తీస్తారు. పంపించారంటే అది శుక్లం కాదు. ఎందుకమ్మా, వాక్యం అర్థం కావడం లేదా?"

"అర్థమవుతోందండీ," అంది.

తిరిగి వచ్చి కూర్చుంది. తండ్రి మంచం కుట్టుమిషను ఇప్పుడున్న చోటే ఉండేది. ఎవరొచ్చినా ముఖం కొంచెం పక్కకి తిప్పి వినేవాడు. "ఇంకొంచెం ముదరనీ నాన్నా," అని ఆమే అనేది, పద్నాలుగేళ్ళ వయసు నుంచి, ఏదో వంట సంగతి చెప్పినట్టు. నాలుగేళ్ళు రోజూ అంది. ఆయన సరేనమ్మా అనేవాడు.

మిగిలిన పేజీలు ఎట్లా చదివిందో ఆమెకే తెలియదు. రెండుసార్లు చదివింది. అంచులు మూడోసారి చూసుకుంది. మూడో రోజు సాయంత్రం అయిదింటికి "అచ్చుకు" అని రాసి సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె కుర్చీలో కూర్చోకముందే ఆపరేటరు కాగితం పట్టుకొచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, ఇది వెయ్యొద్దా?"

"ఏది?"

"ఇదిగో, కింద."

"ఎక్కడ?"

అతను వేలు పెట్టి చూపించాడు. ఆమె వేలు చూసింది. వేలు పక్కన తెల్లకాగితం చూసింది. తల పక్కకి వంచి, కాగితం ఎత్తి వెలుతురుకి పట్టుకుంది. పేజీ అడుగున, కుడి మూల, సన్నటి పెన్సిలు రాత. నీలం సిరా అయిపోయినట్టుంది డాక్టరుకి. మూడుసార్లు చూసిన అంచే అది.

"చదువు," అంది.

"మీరే..."

"చదవరా."

అతను చదివాడు. "ఇక్కడ చేర్చాలి. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలూ, ఒకరికి బయటపడితే తోబుట్టువులూ వెంటనే పరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేదని, బాగానే కనబడుతోందని ఆగకూడదు. చివరి వాక్యం ముఖ్యం, వదలొద్దు."

అతను కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచక్కా?" అన్నాడు.

ఆమె స్కేలుని బల్ల అంచుకి సరిగ్గా సర్దింది.

"ఆ నాలుగు దిద్దుబాట్లూ డాక్టరు ఫోను చేసి చెప్పలేదని నాకు తెలుసు. ఆయనకి ఫోనులో చెప్పేంత ఓపికెక్కడిది, అరుస్తాడు గానీ." నవ్వబోయి ఆగాడు. "ఒక పని చేద్దాం. అంచులు నేను చూస్తా. లోపల మీరు చూడండి. లోపల మీకు అడ్డేముంది? మూడో మనిషికి తెలియాల్సిన పనే లేదు. ఇంకా రెండు ఫారాలేగా."

అది మంచి మాట. మంచి మనసుతో అన్న మాట. ఆ రోజంతా ఆమె దాన్ని పట్టుకుని కూర్చుంది. అంచులు అతను చూస్తాడు. రెండు ఫారాలు దాటతాయి. తర్వాత ఇంకో పుస్తకం వస్తుంది, దానికీ అతనే చూస్తాడు. అట్లా లైను ఒక్కటే మిగిలేదాకా. తర్వాత లైనులో మాట, మాటలో అక్షరం.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. చెల్లెలు మిషను మీద వంగి సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒకేసారి ఎక్కించింది. ఎదురుగా ఉన్న పని దానికి ఎప్పుడూ తప్పదు. ఆమె గుమ్మంలోనే నిలబడి చూసింది. చెల్లెలు కత్తెరకోసం కుడిచెయ్యి చాపింది. కత్తెర అక్కడే, చేతికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి బల్లంతా తడిమింది, పిన్నుల డబ్బాని తట్టింది, డబ్బా కిందపడింది.

"ఛ! ఈ బల్బు ఒకటీ," అంది చెల్లెలు. తలతిప్పి అక్కని చూసి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావే? దెయ్యంలా నిలబడ్డావేం?"

"ఇప్పుడే. నువ్వు చూడలేదా?"

"పనిలో ఉన్నాగా. చూస్తూ కూర్చోడానికి నువ్వేమన్నా పెళ్ళికూతురివా?"

ఆమె వంగి పిన్నులు ఏరసాగింది. చెల్లెలు కూడా కిందికి దిగింది. ఇద్దరూ నేలమీద కూర్చుని చేతులతో తడుముకుంటూ ఏరారు. చెల్లెలికి కత్తెర కనబడకపోవడం బల్బు వల్లేనా కాదా అన్నది ఆమెకి తెలియలేదు. తెలుసుకోవడానికి తన కళ్ళు పనికిరావు. చెల్లెలి వేలికి ఒక పిన్ను గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆమె ఆ వేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఏమిటే, చిన్న గాయానికి," అంది చెల్లెలు. "వదిలిపెట్టు, బట్టకి అంటుతుంది."

"నాన్న జబ్బు నీకు గుర్తుందా?"

"గుర్తులేకేం. శుక్లం ముదిరిపోయింది."

ముప్పై నాలుగేళ్ళు ఇతరుల మాటల్లో తప్పు పట్టుకున్న మనిషికి, తన ఇంట్లో అంతకాలం తిరిగిన ఒక తప్పుడు మాటని ఎక్కడ కొట్టెయ్యాలో తెలియలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. చుక్కలు వేసుకోకుండానే స్నానాలగదిలో నిలబడింది. చెల్లెలు బయటినుంచి రెండుసార్లు పిలిచింది.

పొద్దున పదింటికి డాక్టరు ప్రెస్సుకి వచ్చాడు. ఆపరేటరు పెన్సిలు రాతని చేర్చి కొత్త ప్రూఫు తీసిపెట్టాడు. డాక్టరు నిలబడే తొమ్మిదో ఫారం చదువుకున్నాడు. చివరి పేజీ రాగానే ఆయన ముఖం విచ్చుకుంది.

"ఇదిగో, ఇదీ పని అంటే! పెన్సిలుతో రాశాను, ఎక్కడ వదిలేస్తారోనని రాత్రంతా నిద్రలేదు. ఒక్క అక్షరం పోలేదు. మొన్న మీ మీద అరిచాను, మనసులో పెట్టుకోకండమ్మా. ముసలితనం."

"అక్క దగ్గర ఏదీ పోదండీ," అన్నాడు ఆపరేటరు, కంప్యూటరు వంకే చూస్తూ.

"ఇంకేం, సంతకం పెట్టండి. మధ్యాహ్నానికి మిషను ఎక్కిద్దాం."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. డాక్టరు ఎక్కడున్నాడో చూసుకోవడానికి తల కొంచెం పక్కకి తిప్పింది. అప్పుడు ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆయన చేతిలో కాగితం మెల్లగా కిందికి దిగింది.

"ఆ పెన్సిలు రాత నేను చూడలేదు డాక్టరుగారూ. అబ్బాయి చూశాడు. ఇంకా నాలుగు కూడా వదిలేశాను, మీకు తెలియకుండా చేర్పించాను. ఒకటో ఫారం నుంచి నేను చదివినవన్నీ వేరే మనిషి చేత మళ్ళీ చదివించండి. అప్పటిదాకా ఏదీ మిషను ఎక్కించొద్దు. రేపు పొద్దున మా చెల్లెల్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఇక నేను చదవడానికి రాను."